పెంటప్ప ఎడమకాలు

మా ఆయన డాన్సర్ అంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, చీపురుపుల్లంత ఒళ్ళు, సోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక సందులో టవళ్ళు నేసే కార్ఖానాలో పొద్దుటి పాళీ పని చేసేవాడు. నేను ద్రౌపదిని, ముప్పై ఎనిమిదేళ్ళుగా అతని పెళ్ళాన్ని. గడపలో కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతాను. నాకు నోరెక్కువ. ఈ వాడకట్టులో అందరికీ తెలుసు. కాని చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం చెప్పాల్సిన రోజున చెప్పలేదు. అందుకే ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను.

సాంచె అంటే మా దగ్గర కరెంటు మగ్గం. పెంటప్ప పదహారేళ్ళకే నాలుగు సాంచెల మధ్య నిలబడ్డాడు. ఆ షెడ్డులో పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని అతను అరికాళ్ళతో వినడం నేర్చుకున్నాడు. చెప్పులు విప్పి నిలబడితే ఏ సాంచె సరిగ్గా ఆడుతోందో, ఏది తేడా చేస్తోందో నేల అదురే చెప్పేదట. వీపు వెనక పోగు తెగినా తిరిగి చూడకుండానే తెలిసేదట. ఆ అదురు మీద కాళ్ళు ఆడిస్తూ ఆడిస్తూ ఒక స్టెప్పు కట్టాడు. ఎడమకాలు నేలలో పాతినట్టు ఉంటుంది. కుడికాలు దాని ముందు నుంచి ఈ పక్కకూ ఆ పక్కకూ జారుతుంది, మగ్గంలో పోగు మోసే నాడె పరుగెత్తినట్టే. ప్రతి కొసకూ మడమతో ఒక ఠక్. వేగం పెరిగి పెరిగి, ఉన్నట్టుండి ఆగిపోతాడు. పోగు తెగింది! కుడికాలు గాలిలో ఉండగానే, ఒంటి ఎడమకాలి మీద ముందుకు ఒంగి, లేని పోగును వేళ్ళతో వెతికి, ముడి వేసి, మళ్ళీ మొదలుపెడతాడు. జారడం ఎవరైనా జారతారు. ఆ ఆగడం మాత్రం ఇంకొకరి వల్ల కాలేదు.

ఎనభై మూడులో ఊరంతా డిస్కో పిచ్చి. గణపతి ఊరేగింపులో కొంతం చౌక్ దగ్గర లారీ మీద పెంటప్ప ఈ స్టెప్పు వేస్తే ఊరేగింపు ముప్పావుగంట కదల్లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది చూసి బొంబాయి డాన్సు పార్టీవాడొకడు వెంట తీసుకుపోయాడు. అక్కడ సముద్రం పక్కన ఒక హోటల్లో డిస్కో క్లబ్బు. పెద్దింటి పిల్లలు ముందుగా లేచి ఆడటానికి సిగ్గుపడేవారట. ఇతను ముందు దిగి ఆడాలి, వాళ్ళు చూసి నేర్చుకోవాలి. లోపలికి వెళ్ళేది మాత్రం వంటింటి తలుపు నుంచి. ఏడాది తిరగకుండా ఆ స్టెప్పు ఆ క్లబ్బు నుంచి ఈ క్లబ్బుకు, బొంబాయి నుంచి పుణెకు, బెంగుళూరుకు పోయింది. వాళ్ళు దానికి 'సోలాపూర్' అని పేరు పెట్టుకున్నారట. "ఏయ్, సోలాపూర్ కరో!" అంటూ ఒకరినొకరు అడిగి ఆడుకునేవారట. కట్టిన మనిషి పేరు అడిగినవాడు లేడు. మూడేళ్ళకు ఆ క్లబ్బు మూతపడింది. ఇతను మెరుపుల చొక్కా ఒకటి సంచిలో పెట్టుకుని జోడ్‌భావి పేటలోని వాళ్ళమ్మ ఇంటికి వచ్చేశాడు. మరుసటేడు నన్ను చేసుకున్నాడు.

నేనేం మురిసిపోలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు ఉండేది మా బతుకు. పెళ్ళిళ్ళలో, బారాత్‌లలో ఎవడో తాగుబోతు ఆ స్టెప్పు వేస్తే ఇతను పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాడు. "అది నాదిరా" అని ఒక్కనాడు అనలేదు. "సొమ్మొకడిది, సోకొకడిది! నోట్లె నాలుక లేదా నీకు?" అని అందరి ముందే అరిచేదాన్ని. "ఆడనియ్యే, పోరగాండ్లు. నా కాలేం అరిగిపోతదా" అనేవాడు.

ఈ ఏడు జూన్‌లో మా బిడ్డ ఋతుజ ఫోను పట్టుకుని కార్ఖానా నుంచి పరుగెత్తుకొచ్చింది. అది టవళ్ళకు అంచులు కుట్టే మిషను మీద పనిచేస్తుంది. ఫోనులో ఎవరో పాతికమంది ఆడామగా, మిలమిలలాడే బట్టలు వేసుకుని మా ఆయన స్టెప్పే వేస్తున్నారు. పాత డిస్కో మళ్ళీ మోజైందట. ఋతుజ ఊరుకోలేదు. గణపతి ఊరేగింపునాటి పాత ఫోటో ఒకటి పెట్టి, ఇది మా బాపు కట్టిన స్టెప్పు అని అందులోనే రాసింది. వారం తిరక్కుండా పుణె నుంచి అక్షయ్ అనే కుర్రాడు మా గడపలోకి వచ్చాడు. మన పద్మశాలీల పిల్లాడే, పుణెలో డాన్సు క్లబ్బు నడుపుతాడు. పెంటప్ప కాళ్ళకు దండం పెట్టాడు.

"కాకా, రాఖీ పున్నమ నాడు మార్కండేయ రథం ముంగట మా క్లబ్బు లారీ పెడ్తున్నం. లారీ మీద మగ్గం, మగ్గం పక్కన మీరు. ఒక్కసారి ఆ పోగు తెగుడు చేసి చూపెట్టుండ్రి. కెమెరాలు ఉంటయి. ఇది ఎవరిదో దునియా మొత్తానికి తెలుస్తది. మీ పేరుతోని పెడ్త."

మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. గట్టిగా ఊ కొట్టింది నేను. "వస్తడు బిడ్డా, ఎందుకు రాడు!" అన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ డాన్సును తిట్టినదాన్ని, పేరు పెడతాననేసరికి నాకే ముందు ఆశ పుట్టింది. నిజం చెప్పాలంటే అతనికంటే నాకే ఎక్కువ కావాలి ఆ పేరు. మా వాడకట్టులో నన్ను బీడీల ద్రౌపది అంటారు. పెంటప్ప పెళ్ళాం అని ఒక్కరైనా అనాలని నాకుండేది.

మరునాటి నుంచి సాయంత్రం పూట గదిలో ప్రాక్టీసు. నేను బీడీలు చుడుతూ చూసేదాన్ని. ఒక్కటే వింతగా తోచింది. వెనకటి రోజుల్లో ఆడేటప్పుడు అతని చూపు ఎప్పుడూ ఎదుటివాళ్ళ మీదే ఉండేది. ఇప్పుడు కాళ్ళకేసి చూసుకుంటూ ఆడుతున్నాడు. వయసు మీదపడింది కదా, పడతానేమోనని భయం అనుకున్నాను. రెండేళ్ళుగా బట్టలో తప్పులు ఎక్కువవుతున్నాయని, పోగు తెగినా చూసుకోవడం లేదని సేటు అరుస్తూనే ఉన్నాడు. దానికీ వయసే కారణం అనుకున్నాం.

ప్రాక్టీసు మొదలైన పది రోజులకు ఎడమకాలి అడుగున, వేళ్ళ మొదట్లో, పుండు కనపడింది. రూపాయి బిళ్ళంత. అరుగు మీద పైకి లేచి ఉన్న ఇనుపముక్క గుచ్చుకుందట. ఎప్పుడు గుచ్చుకుందో తనకే తెలియదన్నాడు. మేము దెబ్బలకు దవాఖానాకు పోయేవాళ్ళం కాదు. సాంచెలో వేలు నలిగినా, ఆకు కత్తిరిస్తుంటే కత్తెర కోసుకున్నా, చాటలోంచి చిటికెడు తంబాకు పొడి తీసి అద్ది గుడ్డ కట్టేస్తాం. అది నిప్పు పెట్టినట్టు మండుతుంది. మండితే మందు పట్టినట్టు, పుండు మానుతున్నట్టు. మా అమ్మ నాకు చెప్పింది, ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. బీడీలు చుట్టే ప్రతి ఇంట్లోనూ ఇదే వైద్యం.

రోజూ దీపాలు పెట్టే వేళకు కాలు కడిగి, తంబాకు అద్ది, టవలు అంచు చింపి కట్టేదాన్ని.

"మంటయితుందా?" అని అడిగేదాన్ని.

"అబ్బబ్బ! సంపుతున్నవు గదనే!" అని కాలు లాక్కునేవాడు. పళ్ళు బిగబట్టేవాడు. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చేవి.

నాకు ధైర్యంగా ఉండేది. మండుతోంది, మానుతోంది. ఇరవై రోజులు అలాగే కట్టాను. పున్నమ ఇంక నాలుగు రోజులుందనగా గుడ్డ విప్పితే వాసన వచ్చింది. చిటికెనవేలు నల్లబడింది. తంబాకు మరక అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నలభై ఏళ్ళుగా ఆ మరక నా వేళ్ళ మీదే ఉంది, అదెలా ఉంటుందో నాకు తెలియదా? తెలిసే గుడ్డ కట్టేశాను. ఈసారి ఇంకాస్త బిగించి కట్టాను.

ఋతుజ వాసన పట్టేసింది. "అమ్మా, ఏందే ఇది? బాపుకు షుగర్ ఉన్నదేమో, ఎన్నడన్న చూపెట్టినమా? ఇప్పుడే దవాఖానకు పోదాం, లెవ్వు."

"నాలుగు దినాలు ఆగు. పున్నమ కానియ్" అన్నాను.

"కాలు పోతది అమ్మా!"

"నీ నోట్లె మన్నువడ! మంచిమాట రాదా నీ నోట్లెకెల్లి? దవాఖానకు పోతే పండుకోవెడ్తరు. ఇన్నేండ్లకు ఒక్కసారి వచ్చింది ఆయన పొద్దు. మంటయితుందని ఆయనే అంటుండు, మానుతుంది. గమ్మునుండు."

అది తండ్రి వంక చూసింది. అతను గోడకు ఒరిగి కూర్చుని, "అమ్మ చెప్పింది ఖరే బిడ్డా. మస్తు మంటయితుంది. మానుతది" అన్నాడు. మేమిద్దరం ఒకటైపోతే అదేం చేస్తుంది పాపం. ఏడుస్తూ పనికి పోయింది.

పున్నమ నాడు పొద్దున్నే తలంటు పోసుకుని, కొత్త జంధ్యం వేసుకున్నాడు. మెరుపుల చొక్కా వదులైపోతే వెనక పిన్నీసులు పెట్టాను. మా కులదేవుడు మార్కండేయుడి రథం వెనకనే వస్తోంది. రోడ్డుకు రెండు పక్కలా మన జనమే, డాబాల మీద, కిటికీల్లో, కరెంటు స్తంభాల మీద. లారీ మీద మగ్గం, దాని పక్కన పలకలు పరిచిన చిన్న జాగా. అక్షయ్ పిల్లలు పన్నెండుమంది వెనక నిలబడ్డారు. డిస్కో పాట పెట్టారు. నేను లారీ పక్కనే నడుస్తున్నాను. ఋతుజ నా చెయ్యి పట్టుకోలేదు.

పెంటప్ప మొదలుపెట్టాడు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు! నా ఇంట్లో గంజి తాగి, దగ్గి, మూలన పడుకునే మనిషి కాదు. కుడికాలు జారుతుంటే కంటికి ఆనలేదు. ఠక్, ఠక్, ఠక్. పక్కన మగ్గం నేస్తున్నవాడు నాడె ఆపి నోరు తెరుచుకుని చూశాడు. ముసలివాళ్ళు "పెంటా! పెంటా!" అని అరిచారు. ఆ వేగంలో ఉన్నట్టుండి ఆగాడు. కుడికాలు గాలిలో, మొత్తం బరువు ఎడమకాలి మీద. ఒంగాడు. లేని పోగు వెతికాడు. అక్షయ్ కిందనుంచి చెయ్యి ఊపుతున్నాడు, ఆగు కాకా, ఇంకా ఆగు, కెమెరా దగ్గరికి వస్తోంది అని. ఆగాడు. పోగు చిక్కింది. ముడి వేయడం లేదు, ఊరికే పట్టుకుని నిలబడ్డాడు. ఈలలు, చప్పట్లు. అరిగి అరిగి ఉన్న కాలు ఒక్క అదురైనా అదరలేదు. నేను ఏడుస్తున్నాను, సంతోషంతో. పక్కావిడను పట్టుకుని "నా మొగడు! నా మొగడు!" అని అరుస్తున్నాను.

కట్టు తడిసి ఎర్రటి నీళ్ళు పలకల మీదికి కారడం ముందు చూసింది ఋతుజ.

ముడి వేసి మళ్ళీ మొదలుపెట్టాడు. పాట అయ్యేదాకా ఆడాడు. దిగేటప్పుడు కాలు ఎక్కడ పెడుతున్నాడో తెలియక బొక్కబోర్లా నా మీద పడ్డాడు. ఒళ్ళు కాలిపోతోంది. అప్పుడు కూడా, "ఎట్లుందే?" అని అడిగాడు నన్ను.

దవాఖానాలో డాక్టరమ్మ కట్టు విప్పి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంది. షుగర్ నాలుగు వందలకు పైనే ఉంది. సూది తీసి అరికాలిలో గుచ్చి, "దుఖతే కా?" అని అడిగింది. నొప్పిగా ఉందా అని. అతను ముందు సూదికేసి చూశాడు, తర్వాత "అబ్బా" అన్నాడు. ఆవిడ తెలివైంది. దుప్పటి అంచు అతని కళ్ళ మీదికి లాగి, గుచ్చినప్పుడల్లా చెప్పమంది. గుచ్చింది. మళ్ళీ గుచ్చింది. మడమలో, వేళ్ళ సందున, చీలమండ మీద. అతను దుప్పటి కింద చెవులు రిక్కించి పడుకున్నాడు, ఏ చప్పుడైనా వస్తే అబ్బా అనడానికి. ఏ చప్పుడూ రాలేదు. ఏమీ అనలేదు.

నేను మంచం మీదికి ఒంగి అరిచాను. "రోజు మంట మంట అన్నవు గదయ్యా! కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంటివి గదా!"

"మంట లేదంటె నువ్వు నన్ను పోనిచ్చెటిదానివా" అన్నాడు దుప్పటి కిందనుంచే. "రెండేండ్లాయె, కాళ్ళల్ల ఏం తెలుస్తలేదు. సాంచె ఇనవడుతలేదు. చెప్తే సేటు పనిల్నుంచి తీస్తడు, నువ్వు పరేషాన్ అయితవు."

ఆ క్షణంలో నేను కూడా చెప్పాల్సింది, నల్లబడ్డ వేలు నాలుగు రోజుల ముందే చూశానని. డాక్టరమ్మ ఎదుటే ఉంది, ఋతుజ ఎదుటే ఉంది. ఇంత నోరున్నదాన్ని, చెప్పలేదు. నాలుగు రోజుల ముందు తెస్తే వేలితో పోయేదని ఆవిడే అంది. ఋతుజ నావైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను. మూడో రోజున మోకాలి కిందికి తీసేశారు.

అక్షయ్ వీడియో అప్పటికే ఫోన్లలో తిరుగుతోంది. లక్షలమంది చూశారట. ఋతుజ వార్డు బయట నాకు చూపించింది. కాళ్ళు మాత్రమే ఉన్నాయి. నడుం పైన మనిషి లేడు. కెమెరా మొత్తం కాళ్ళ దగ్గరే ఉంది, తెల్లటి కట్టు కూడా అందంగానే కనపడుతోంది. పైన పుణె క్లబ్బు పేరు, కింద 'సోలాపూర్ స్టెప్' అని. అంతే. ఋతుజ అక్షయ్‌కు ఫోను చేసింది. అతను చెడ్డవాడేం కాదు. దవాఖానాకు రెండుసార్లు వచ్చాడు, పళ్ళు తెచ్చాడు. "అక్కా, పబ్లిక్‌కు పేరు ఎవరిక్కావాలె? పేరు పెడితే ఎవ్వడు ఆగి చూడడు. తర్వాత ఇంకో వీడియోల పెడ్త" అన్నాడు. ఇంకో వీడియో! ఏ కాలితో?

తీసిన కాలును మీరు తీసుకుపోతారా, మేమే పారేయాలా అని నర్సు అడిగింది. పారేయడమా! నా ఒంట్లో ఉన్న కోపమంతా ఆమె మీద చూపించాను, ఆమె తప్పేం లేకపోయినా. తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. టవలు తానంత బరువుంది. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని స్మశానానికి పోయాను. ఋతుజ రానంది. అక్కడ పూడ్చినవాళ్ళ లెక్క పుస్తకంలో రాసే మనిషి పేరు దత్తాత్రి. దవాఖానా కాగితం చూసి, మూలన మోకాలి లోతు గుంట తవ్వించాడు. పసుపు, కుంకుమ వేసి, మన్ను కప్పి వచ్చాక పుస్తకం తెరిచాడు.

"రాయి అన్నా. గాజెంగి పెంటప్ప. డాన్సర్. రాయి."

అతను 'కాలు ఒకటి, మగ' అని రాసి తేదీ వేశాడు.

"పేరేది?"

"కాలుకు పేరు రాయరు బాయీ. సచ్చినోళ్ళకే రాస్తరు."

"ఆ కాలేందో తెలుసా నీకు? బొంబాయి మొత్తం ఆడింది దాన్ని జూసి! రాస్తవా రాయవా?" అన్నాను. బల్ల మీద కొట్టాను, శాపనార్థాలు పెట్టాను. పాపం అతనూ ముసలివాడే. నా ముందు మంచినీళ్ళ చెంబు పెట్టి, "కానూన్ గంతే బాయీ" అన్నాడు.

మళ్ళీ దవాఖానాకు వచ్చాను. మంచం మీద దుప్పటి ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క చదునుగా ఉంది. అతను మెలకువగానే ఉన్నాడు. నేను స్టూలు మీద కూర్చుని, ముందు ఆ మాటే చెప్పేశాను.

"వేలు నల్లగైంది నేను జూసిన. నాలుగు దినాల ముంగటనే. జూసి కట్టిన."

"ఎర్కే" అన్నాడు. "ఆ దినం నువ్వు మంటయితుందా అని అడగలే."

అతను నా చెయ్యి లాక్కుని, వేళ్ళ మీది తంబాకు మరకలు చూస్తూ అడిగాడు.

"పెట్టొచ్చినవా?"

"పెట్టిన."

"గాడనన్న రాసిండ్రా నా పేరు?"

"లేదు. సచ్చినంకనే రాస్తరట."

కుడికాలి వేళ్ళు కూడా రంగు మారుతున్నాయని పొద్దున డాక్టరమ్మ మా ఇద్దరికీ చెప్పింది. అతను పైకప్పుకేసి చూస్తూ కొంచెం ఆలోచించాడు.

"అయితే పక్కన జర జాగ ఇడిచిపెట్టుమనకపోయినవా" అన్నాడు, నవ్వుతూ.

నేను నవ్వలేదు. ఆ మంచం ఇనుపకమ్మీకి తల ఆనించి, వార్డులో అందరూ లేచి కూర్చునేటట్టు ఏడ్చాను.